పెద్దనాన్న జీపు సామాన్ల కోసం మూడు రోజులు: మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు

మా పెద్దనాన్న మిలిటరీలో డ్రైవర్. రిటైరయ్యాక డిస్పోజల్ వేలంలో కొన్న మహీంద్రా సీజే-3బీ జీపు నల్లగొండలో మా వేపచెట్టు కింద ఆరేళ్లుగా కదలకుండా ఉంది. ఆయన పోయాక తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు చాలామంది. నాకు మనసొప్పలేదు. హైదరాబాద్‌లో ఒక షాపుకు ఫోన్ చేస్తే "ఆర్మీ ఒరిజినల్" అంటూ చెప్పిన ధరకు కళ్లు తిరిగాయి. సరేనని డబ్బు పంపితే, వచ్చిన వీల్ సిలిండర్లు, అంటే చక్రాల దగ్గర బ్రేకు పట్టించేవి, మా బండివి కావు. వాపసు తీసుకోలేదు కూడా.

దాంతో అరిగిన సామాన్లన్నీ విప్పి, డీజిల్‌తో కడిగి, సంచిలో వేసుకుని మా బామ్మర్దితో బస్సెక్కాను.

ముందు మిర్యాలగూడ. ఇక్కడ రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి బేరింగ్ షాపులకు, లేత్ పనికి కొదవ లేదు. ముందు చక్రం బేరింగ్‌ను గుడ్డతో గట్టిగా రుద్దితే 18590 అని అంకె తేలింది, బయటి కప్పు మీద 18520. షాపాయన బండి ఏదని కూడా అడగలేదు. అంకె చూశాడు, అరలోంచి డబ్బా తీశాడు. అదే బేరింగ్‌ను జీపు పేరు చెప్పి అడిగితే ధర వేరేగా ఉంటుంది. ఆయిల్ సీళ్లదీ అంతే, లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే చాలు. లేత్ ఆయన రెండు వీల్ సిలిండర్లకు లోపల స్లీవ్, అంటే కొత్త గొట్టం, వేశాడు. మూడోది వెలుతురుకు తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "దీని గోడ పలచబడ్డది సార్. బ్రేకు పని, నేను చెయ్య" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నమ్మకం కుదిరింది. బస్టాండు దగ్గర లాడ్జి 700 రూపాయలు. బాత్రూమ్ శుభ్రం, నిద్రే తక్కువ. రాత్రంతా హారన్లు.

దేవరకొండ మీద మొదట పెద్ద ఆశ లేదు. కానీ అసలు పని అయింది అక్కడే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల తండాలకు జనాన్ని మోసింది జీపులే. ఆ జీపులు పోయినా, వాటి సామాన్లు కొందరు మెకానిక్‌ల దగ్గర ఉండిపోయాయి. మా బండికి ఎడమవైపు చక్రాల నట్లు ఉల్టా మర. ఆ సంగతి తెలియని కుర్రాడు ఒకడు బలంగా తిప్పి రెండు బోల్టులు విరిచేశాడు. ఇది చెప్పగానే అక్కడి మెకానిక్ ముసలాయన నవ్వి, తుప్పు పట్టిన డాల్డా డబ్బా ఒకటి నేల మీద గుమ్మరించాడు. వందకు పైనే నట్లు. కళ్లద్దాలు పెట్టుకోకుండా బొటనవేలితో తడుముతూ, ఇంగ్లీషు ఎల్ అక్షరం కొట్టి ఉన్నవి ఆరు ఏరి నా చేతిలో పోశాడు. బోల్టులు, స్టీరింగ్ ఎండ్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు కూడా ఇచ్చి, లెక్క కట్టమంటే నోటికొచ్చిన చిన్న అంకె చెప్పాడు. మేమే కొంచెం ఎక్కువిచ్చాం. కోట చూడాలని ఉన్నా పొద్దు గూకింది. కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రాత్రికి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ చేరాం.

అక్కడ మొదటి లాడ్జిలో గ్రీజు సంచి చూసి గది లేదన్నారు. రెండో చోట న్యూస్‌పేపర్లు ఇచ్చి పరుచుకోమన్నారు. అద్దె 900, అయినా మళ్లీ పోతే అక్కడికే పోతాం. పొద్దున పాత ఇనుము షాపులో 9 అంగుళాల బ్రేకు డ్రమ్ములు రెండు దొరికాయి. తర్వాతి మహీంద్రా జీపులకు పెద్ద డ్రమ్ములు వచ్చాయి కాబట్టి టేపు పెట్టి కొలవకుండా కొనొద్దు. షాపు చాచా కిలో లెక్కన ఇవ్వనన్నాడు, గంట బేరమాడితే మూడో వంతు తగ్గించాడు. పగులు ఉందేమోనని సుత్తితో తట్టి మోగించి చూపించాడు, గంటలా మోగింది. బరువు సామాను ఆర్టీసీ కార్గోలో నల్లగొండకు వేశాం, మర్నాడు అందింది. మధ్యాహ్నం జొన్న రొట్టె తిని, పిల్లలమర్రి దగ్గర కాసేపు కూర్చుని బస్సెక్కాం.

బస్సు చార్జీలు, లాడ్జీలు, లేత్ పని అన్నీ కలిపినా హైదరాబాద్ షాపు చెప్పిన దాంట్లో సగం కాలేదు. మూడో వీల్ సిలిండర్, కార్బురేటర్ కిట్టు ఇంకా మిగిలాయి. దేవరకొండ ముసలాయన వెతికి ఉంచుతానన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం, ఈసారి పెద్దమ్మ కూడా వస్తానంటోంది.