జర్మనీ రాష్ట్ర ఎన్నికల సర్వేలకు వాల్‌రెష్ట్ సైటు: శాతాలు భేష్, సీట్ల లెక్క మనదే

జర్మనీ రాష్ట్ర ఎన్నికల సర్వేలు చూడాలంటే వాల్‌రెష్ట్ డాట్ డీఈ తర్వాతే ఏదైనా. ఉచితం, లాగిన్ లేదు. రాష్ట్రం పేరు నొక్కితే సర్వే ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎంతమందిని ఏ తేదీల్లో అడిగారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. సంఖ్య పక్కన ‘టీ’ అక్షరం ఉంటే ఫోన్‌లో అడిగినట్టు, ‘ఓ’ ఉంటే ఆన్‌లైన్‌లో. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సర్వేలకి ఈ వివరాలుంటే ఎంత బాగుండేదో!

లోటల్లా సీట్లు చూపకపోవడమే. బెజవాడ, గుంటూరు లెక్కలకి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైగా ఓట్లొచ్చినా 175లో దక్కినవి 11 సీట్లు. అదే ఏడాది జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో సీడీయూ పార్టీకి 12.1 శాతానికే 88లో 12 వచ్చాయి. అక్కడ ఓటరుకి రెండు ఓట్లు: ఒకటి నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. ఆ రెండో ఓటు శాతాన్ని బట్టి సీట్లు పంచుతారు.

ఎక్సెల్‌లో పది నిమిషాల పని. ముందు 5 శాతం లోపు పార్టీలన్నీ తీసేయండి, మామూలుగా వాటికి సీట్లుండవు. బ్రాండెన్‌బుర్గ్‌లో మిగిలినవి ఎస్‌పీడీ 30.9, ఏఎఫ్‌డీ 29.2, బీఎస్‌డబ్ల్యూ 13.5, సీడీయూ 12.1, మొత్తం 85.7. ఒక్కోదాన్ని 85.7తో భాగించి 88తో గుణిస్తే 31.73, 29.98, 13.86, 12.42. పూర్ణాంకాలు కలిపితే 85. మిగిలిన 3 సీట్లు పెద్ద దశాంశాలున్న మూడింటికి. 32, 30, 14, 12. అసలు ఫలితమూ ఇదే.

ఇప్పుడు 4.1 దగ్గర ఆగిన గ్రీన్స్‌ని, మిగతా నాలుగూ కదపకుండా, 5కి పెంచి చూడండి. వాళ్లకి 5 సీట్లొస్తాయి, ఏఎఫ్‌డీ 28కి దిగుతుంది. 30 ఉంటే మూడింట రెండొంతుల మెజారిటీ కావాల్సిన ఏ తీర్మానాన్నైనా ఆపగలదు, 28తో ఆపలేదు. వెయ్యిమందిని అడిగిన సర్వేలో 5 శాతం పార్టీకి అటూ ఇటూ 1.4 దాకా తేడా రావచ్చు. అందుకే 5 దగ్గర ఊగే పార్టీ ఉంటే లెక్క రెండుసార్లు వేయాలి: ఉంచి ఒకసారి, తీసి ఒకసారి.

సర్వే పట్టికలో కనపడనిది నియోజకవర్గం గెలుపు. 2024 సాక్సనీలో లింకె పార్టీకి 4.5 శాతమే. కానీ రెండు నియోజకవర్గాలు నేరుగా గెలవడంతో 5 శాతం గడప అడ్డురాక 6 సీట్లు తెచ్చుకుంది. పైగా పంచే సూత్రం రాష్ట్రానికో రకం. సాక్సనీలో సెంట్ లాగ్యూ అనే వేరే పద్ధతి. అక్కడ ఓట్లు లెక్కించిన రాత్రి సాఫ్ట్‌వేర్ పొరపాటుతో అధికారులే ఏఎఫ్‌డీకి 41 ప్రకటించి, మర్నాడు 40కి దిద్దారు. 120లో 41 ఉంటేనే అడ్డుకునే బలం. ఒక్క సీటు!

ఫోన్‌లో పట్టిక ఇరుకు, కంప్యూటర్‌లో చూడండి. సెప్టెంబరు ఎన్నికైతే అక్కడ సాయంత్రం 6కి పోలింగ్ ముగుస్తుంది, మనకి రాత్రి 9.30. ఆ నిమిషంలోనే ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ టీవీల అంచనాలొస్తాయి.