మా ఫ్యాక్టరీలో పెట్టించిన ట్రాన్స్‌జెండర్ అవగాహన ప్యాకేజీ: క్లాసుకు నాలుగు స్టార్లు, పాలసీ కాగితానికి ఒకటి

విశాఖపట్నం దగ్గర పరవాడ వైపు మందుల ప్యాకింగ్ యూనిట్‌లో హెచ్‌ఆర్ చూస్తాను. 2025 డిసెంబరులో ఒక కన్సల్టెన్సీ దగ్గర ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల మీద అవగాహన ప్యాకేజీ ఒకటి తీసుకున్నాం. స్టాఫ్‌కి ఒక రోజు క్లాసు, కంపెనీకి సమాన అవకాశాల పాలసీ రాసివ్వడం, ఫిర్యాదుల అధికారికి ఒక పూట శిక్షణ, ఇవీ అందులో ఉన్నవి. అరవై వేలు, పైన జీఎస్టీ, హైదరాబాద్ నుంచి వచ్చే ఇద్దరి రానుపోను ఖర్చులు మనవే. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, పేర్లు వేరైనా లోపలి సరుకు ఇంచుమించు ఇదే. మీ కంపెనీకీ కొటేషన్ వచ్చి ఉంటే సంతకం పెట్టే ముందు ఒకసారి చదవండి.

మా ఎండీ గారికి ఉన్నట్టుండి ఈ ఆలోచన రావడానికి కారణం సుప్రీంకోర్టు. 2025 అక్టోబరు 17న జేన్ కౌశిక్ కేసులో తీర్పు వచ్చింది. ట్రాన్స్ మహిళను కాబట్టే స్కూళ్లలో ఉద్యోగం దక్కకుండా పోయిందని ఒక టీచర్ వేసిన కేసు అది. కోర్టు ఆవిడకి పరిహారం ఇప్పించింది. సమాన అవకాశాల విధానం ఎలా ఉండాలో చెప్పమని ఢిల్లీ హైకోర్టు మాజీ జడ్జి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ కూడా వేసింది. ఆ పేపర్ కటింగ్ పట్టుకుని ఎండీ గారు నన్ను పిలిచి, "మనకి కంప్లెయింట్ ఆఫీసర్ ఉన్నారా అమ్మా?" అన్నారు. లేరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కోసం తెచ్చిన 2019 చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలోనూ ఒకరు ఉండాలి. నాకు తెలిసిన చుట్టుపక్కల యూనిట్లలో ఒక్కచోటా లేరు. అప్పటికే మా కాంట్రాక్టర్ బ్లిస్టర్ ప్యాకింగ్‌కి, అంటే టాబ్లెట్లు రేకుల్లో పెట్టే పనికి, ఒక ట్రాన్స్ మహిళ పేరు పంపి ఉన్నాడు, కాబట్టి తొందర కూడా ఉంది.

ఉదయం క్లాసు లాయర్ గారిది. మనిషి మంచివాడే, మాట బాగుంది, కానీ చరిత్ర ఎక్కువైపోయింది. 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పు దగ్గర మొదలుపెట్టి టీ టైమ్ దాకా అక్కడే ఉన్నారు. ఎవరిని ఏ జెండర్‌గా గుర్తించాలో వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు అన్న తీర్పది, తెలియాల్సిందే. కానీ షిఫ్ట్ ఇన్‌చార్జికి కావలసింది రేపు ఉదయం ఆరు గంటల షిఫ్ట్‌లో ఏం చెయ్యాలన్నది. అదికాక, ఉద్యోగం ఇవ్వకపోతే రెండేళ్లు జైలు అని స్లైడ్‌లో ఎర్ర అక్షరాలతో వేశారు. అది తప్పు. అప్పటికి 2019 చట్టంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష అనే 18వ సెక్షన్‌లో ఉన్నవి వెట్టి చాకిరి, బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోవడం, ఇంట్లోంచో ఊళ్లోంచో గెంటెయ్యడం, కొట్టడం, లైంగికంగా వేధించడం లాంటివి. ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 9వ సెక్షన్ చెబుతుంది గానీ, చూపితే ఇంత శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఈ చట్టంలో పెద్ద లోటు అదే. టీ దగ్గర ఇదే అడిగితే, "కొంచెం భయం ఉండాలి కదా మేడమ్" అన్నారు. మా ప్రొడక్షన్ మేనేజర్ ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో చట్టం తీసి చదివాడు. "ఏమీ చెయ్యలేరంట" అని క్యాంటీన్‌లో ప్రచారం ఆయనదే. ఉత్త బెదిరింపు ఇలాగే బెడిసికొడుతుంది.

ఇంకో స్లైడ్ ఫ్యాక్టరీల చట్టం గురించి. నవంబరు 21న అలాంటి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చేశాయి, అయినా స్లైడ్ మార్చలేదు. కొత్త భద్రతా కోడ్‌లో మరుగుదొడ్లు, లాకర్ గదులు ఆడ, మగ, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు వేరువేరుగా ఉండాలని రాసి ఉంది. మా లాంటి యూనిట్‌కి అన్నిటికన్నా ముందు కావలసింది ఆ ముక్కే. దాన్ని నేను లేచి చెప్పాల్సి వచ్చింది.

అయితే అక్కడి నుంచే క్లాసు ప్రాణం పోసుకుంది. రెండో ట్రైనర్ ట్రాన్స్ మహిళ, ఇంతకుముందు ఏదో ల్యాబ్‌లో పనిచేసి బయటికి వచ్చేసిన మనిషి. నా మాట వినగానే లేచి, "వేరే గది కట్టిస్తారు, సంతోషం. కానీ నేను లేడీస్ రూమ్‌కి వెళ్తానంటే, నీకు వేరేది ఉందిగా అని తోలెయ్యడానికి అది వాడతారు. గది కట్టండి, ఎక్కడికి వెళ్లాలో మాత్రం నన్ను అడగండి" అంది. హాల్లో ఎవరూ కదల్లేదు. అరవై వేలలో సగం ఆ నాలుగు మాటలకే ఇచ్చామనుకున్నాను.

మందుల ప్యాకింగ్‌లో ఇది టాయిలెట్‌తో అయిపోయే విషయం కాదు. లైన్ మీదికి వెళ్లాలంటే ముందు చేంజ్ రూమ్. బయటి బట్టలు విప్పి, చెప్పులు బెంచీకి అవతల వదిలి, గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకోవాలి. రోజుకి ఎన్నిసార్లు బయటికి వస్తే అన్నిసార్లు ఇదే తంతు. ఆడవాళ్ల వైపు ఒక తలుపు, మగవాళ్ల వైపు ఒక తలుపు. వీళ్ల ప్యాకేజీ ఏసీ ఆఫీసులకు తయారుచేసిన మాల్ కాబట్టి చేంజ్ రూమ్ అన్న మాటే అందులో లేదు. ఆ ట్రైనర్ మాత్రం నన్ను తీసుకుని స్వయంగా అక్కడికి వచ్చింది. లోపల కర్టెన్‌తో చిన్న క్యూబికల్స్ కొట్టిస్తే చాలు, అందరికీ పనికొస్తాయని చెప్పింది. ప్లైవుడ్‌తో నాలుగు కొట్టించాం. ఇప్పుడు వాటి కోసం క్యూ కట్టేది మా ఆడపిల్లలే. ఇన్నేళ్లూ ఒకరి ముందు ఒకరు బట్టలు మార్చుకోవడం వాళ్లకీ ఇబ్బందే, అడిగిన నాథుడు లేడంతే.

మధ్యాహ్నం గేటు దగ్గర రిహార్సల్ చేయించింది. సెక్యూరిటీ వాళ్లని నిలబెట్టి, తను కొత్తగా చేరిన మనిషిలా గేట్ పాస్ పట్టుకుని వచ్చింది. మా పెద్ద గార్డు రిజిస్టర్ తెరిచి, స్త్రీ, పురుష అన్న గడుల మీద పెన్ను అటూ ఇటూ తిప్పాడు. తనిఖీ ఎవరు చెయ్యాలో తెలియక లేడీ గార్డు వైపు చూశాడు. ఆవిడేమో ఈయన వైపు చూసింది. "అన్నా, నన్నే అడుగు. ఎవరు తనిఖీ చెయ్యాలమ్మా అని ఒక్క మాట, మెల్లిగా" అంది ట్రైనర్. గార్డు సిగ్గుపడుతూనే అడిగాడు. మళ్లీ అడిగించింది, గొంతు తగ్గించి. 2019 చట్టం రూల్స్‌లో గోప్యత అని రాసి ఉన్నదానికి గేటు దగ్గర అర్థం ఇదే, వెనకాల లైన్లో ఉన్న వందమందికి వినపడకుండా ఉండటం. నన్నడిగితే ఈ ప్యాకేజీలో దీన్ని మించింది లేదు.

కొచ్చి మెట్రో సంగతి కూడా ఆవిడే చెప్పింది. 2017లో మెట్రో మొదలైనప్పుడు 20 మందికి పైగా ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు, దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజులకే కొందరు మానేశారు. ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు, లాడ్జి కిరాయికి జీతం చాలలేదు. ఆ మాట మా దగ్గర వెంటనే పనికొచ్చింది. కాంట్రాక్టర్ పంపినావిడకి రూమ్ ఇస్తానన్న ఓనర్ మనిషిని చూశాక మాట మార్చాడు. కంపెనీ పేరు మీద అగ్రిమెంట్ రాస్తామని చెప్పి వేరే ఇల్లు మాట్లాడాం. ఇంటర్వ్యూలో ఎంత మర్యాదగా మాట్లాడినా, తల దాచుకోను గది లేకపోతే ఆ ఉద్యోగం నెల కూడా నిలవదు.

ఇక పాలసీ కాగితం. పద్దెనిమిది పేజీలు, నిగనిగలాడే కవరు. ఏడో పేజీలో వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది! వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి ఒక పేరా, క్యాబ్ డ్రాప్ గురించి ఒక పేరా. మా బస్సు అగనంపూడిలో ఎక్కించుకుని యూనిట్ దగ్గర దింపుతుంది, క్యాబ్ ఎక్కడిది? అన్నిటికంటే నాకు మండింది ఏమిటంటే, పాలసీ మొత్తం పర్మనెంట్ ఉద్యోగుల కోసమే రాశారు. మా లైన్ మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టర్ కింద వాళ్లు. వివక్ష జరిగేది అక్కడ. కాంట్రాక్టర్ "రేపట్నుంచి రావద్దులే" అంటే చాలు, కాగితం లేదు, కారణం లేదు. ఆ క్లాజు నేనే రాసుకున్నాను. జెండర్ కారణంగా మనిషిని వెనక్కి పంపితే కాంట్రాక్టర్ బిల్లు ఆపుతామని. బిల్లు అనేసరికి కాంట్రాక్టర్ క్లాసు పాఠమంతా ఒక్క నిమిషంలో ఒంటబట్టించుకున్నాడు.

ఫిర్యాదుల అధికారి శిక్షణ బాగుందనే చెప్పాలి. ఫిర్యాదు అందాక పదిహేను రోజుల్లో విచారణ ముగించాలని రూల్, దాని కోసం ఒక పేజీ ఫారం ఇచ్చారు. ఫిర్యాదు చేసినవాళ్లని విచారణ జరుగుతుండగా షిఫ్ట్ మార్చొద్దన్నారు. అది రక్షణలా కనిపిస్తుంది గానీ తోటివాళ్లు శిక్షలాగే చూస్తారట. జీతాల సెక్షన్‌కి చెప్పిన సలహా కూడా పనికొచ్చింది. పాత ఉద్యోగంలో పీఎఫ్ పాత పేరు మీద ఉంటుంది, ఆధార్ కొత్త పేరు మీద. రెండూ కలవకపోతే డబ్బు జమ దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగి, యజమాని కలిసి పెట్టే జాయింట్ డిక్లరేషన్‌తో పేరు, జెండర్ రెండూ సరిచేయించవచ్చు. పాత యాజమాన్యానికి ఫోన్ చేసి "ఫలానా అబ్బాయి మీ దగ్గర చేశాడా" అని వాకబు చెయ్యొద్దు, ఆ ఫోన్‌తోనే సంగతి ఊరంతా పాకుతుంది అన్నారు. మా వెరిఫికేషన్ ఏజెన్సీకి ఈ మాట రాతపూర్వకంగా పంపాను.

మెడికల్ ఫిట్‌నెస్ గురించి మాత్రం వీళ్ల దగ్గర ఏమీ లేదు. చేరే ముందు ప్యానెల్ డాక్టర్ దగ్గరికి పంపడం మా రంగంలో మామూలే. కాంట్రాక్టర్ తెచ్చినావిడని పంపితే చర్మం, కళ్లు, ఊపిరితిత్తులు చూడాల్సిన చోట ఆపరేషన్ అయిందా అని అడిగారట. ఆవిడ బయటికి వచ్చి, "మేడమ్, టాబ్లెట్లు ప్యాక్ చెయ్యడానికి అది ఎందుకు?" అంది. ఆ ఫారం నుంచి పనికిరాని గడులు కొట్టేసి, కొత్త ఫారమే డాక్టర్ గారికి పంపాం.

డబ్బుకి తగిందా అంటే, రెండో ట్రైనర్ వస్తే తగింది, రాకపోతే లేదు. మీరు మాట్లాడుకునేటప్పుడు కమ్యూనిటీ నుంచి ట్రైనర్ వస్తారా, ఆవిడకి ఇందులో ఎంత ముడుతుంది అని సూటిగా అడగండి. మాకు వచ్చినావిడకి రోజుకి ఇచ్చేది వింటే, వివక్ష మీద క్లాసు చెప్పే సంస్థ ఇలాగా అనిపించింది. మేం మార్చిలో రెండో బ్యాచ్ పెట్టించాలనుకుంటున్నాం. పాలసీ కాగితం వద్దు, ఆ డబ్బు తగ్గించండి, ఉదయం క్లాసు గంటకు కుదించండి, సెక్యూరిటీ ఏజెన్సీకీ కాంట్రాక్టర్లకూ ఒక పూట ఇవ్వండి, ఆ ట్రైనర్ ఫీజు కొటేషన్‌లో విడిగా చూపించండి అని మెయిల్ పెట్టాను. చివరి షరతుకి ఇంకా జవాబు రాలేదు.