నీళ్లలో కరిగే ఇంగువ పొడి: మజ్జిగకు సరే, పోపుకు కాదు

"నీళ్లలో వేయగానే పూర్తిగా కరిగిపోతుంది" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ఒక ఇంగువ పొడిని ఈ మధ్య తెప్పించి, మజ్జిగలోనూ పులిహోరలోనూ వాడి చూశాను. కరగడం నిజమే అయినా, అది ఇంగువకు గొప్ప అని నేను అనుకోను.

ఇంగువ మొక్క వేరును కోస్తే కారే పాలలో ప్రధానంగా బంక, రెసిన్, ఆవిరయ్యే నూనె ఉంటాయి. వీటిలో నీళ్లలో బాగా కరిగేది బంక ఒక్కటే. చక్కెరల గొలుసు వంటి దాని అణువుల నిండా నీటి అణువులు అంటిపెట్టుకోవడానికి వీలైన ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. మనం ఏ వాసన కోసం ఇంగువ కొంటామో దానినిచ్చే గంధకపు సమ్మేళనాలు మాత్రం నూనె భాగంలో ఉంటాయి. ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉండే నీటి అణువులు వాటికిగానీ రెసిన్‌కుగానీ పెద్దగా చోటివ్వవు. నూనె, నెయ్యి ఆ వాసనను సులువుగా తమలో కలుపుకొంటాయి. ఆల్కహాల్ అణువుకు ఒక కొస నీటి స్వభావం, మరో కొస నూనె స్వభావం ఉండడం వల్ల రెసిన్ అందులో కరుగుతుంది. అందుకే మన ఆహార ప్రమాణాలు ఇంగువ నాణ్యతను నీటితో కాక 90 శాతం ఆల్కహాల్‌తో కొలుస్తాయి: అందులో కరిగే భాగం అసలు ఇంగువలో కనీసం 25 శాతం, పిండీ బంకా కలిపిన ఇంగువలో కనీసం 5 శాతం ఉండాలి.

ఈ డబ్బా వెనుక పదార్థాల పట్టికలో మొదట బంక, తరువాత గోధుమ పిండి, ఆ తరువాతే ఇంగువ ఉన్నాయి. అంటే కంపెనీ చెప్పుకొంటున్న కరుగుదల చాలావరకు కలిపిన బంకదే. ఆ "పూర్తిగా" అన్న మాట కూడా నిలవలేదు. కాసేపు కదపకుండా ఉంచితే గ్లాసు అడుగున పిండి తెల్లని మడ్డిగా దిగింది.

పులిహోర పోపులో దీని పని మరీ అన్యాయంగా ఉంది. బంకకు, పిండికి నూనెలో కరిగే గుణం లేదు కనుక, ఆవాలు చిటపటలాడుతుండగా వేసిన పొడి క్షణంలో మాడి నల్లని నలకలుగా తేలింది, వాసన అంతంతమాత్రంగానే వచ్చింది. అదే నూనెలో బఠాణీ గింజంత ముద్ద ఇంగువ వేస్తే చక్కగా పొంగి, వంటిల్లంతా గుబాళిస్తుంది.

మజ్జిగలో మాత్రం ఈ పొడి ఉండకట్టకుండా సమంగా కలుస్తుంది, ఆ ఒక్క పనికి కొనవచ్చు. గోధుమ పడనివారు ఆ పనికి కూడా దీని జోలికి పోకూడదు.