టీవీ మ్యూట్, రేడియో ఆన్: ఆలస్యం బటన్ ఉన్న రేడియోతో కొన్ని సీజన్లు

ఈ రేడియో సైజు, బ్యాటరీ, స్పీకర్ సంగతి నేను చెప్పను, అవన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి. నేను కొన్నది ఒక్క బటన్ కోసం. అది రేడియోలో వచ్చే మాటను పట్టి ఉంచి, మనం పెట్టుకున్నన్ని సెకన్లు ఆగి వినిపిస్తుంది. టీవీ బొమ్మ చాలాసార్లు రేడియో కంటే వెనకే వస్తుంది కదా, ఈ బటన్‌తో రెండూ కలుస్తాయి. టీవీని మ్యూట్‌లో పెట్టి, కాలేజీ బాస్కెట్‌బాల్‌ను మన జట్టు రేడియో వ్యాఖ్యానంతో హాయిగా చూసుకోవచ్చు.

మేముండేది నార్త్ కరోలినాలోని క్యారీలో. డ్యూక్ యూనివర్సిటీ, చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీ (అందరూ కరోలినా అంటారు) రెండూ దగ్గరే, బాస్కెట్‌బాల్‌లో ఒకదానికొకటి ప్రత్యర్థులు. మా ఆయన డ్యూక్ మనిషి, నేను కరోలినా మనిషిని. ఇక్కడ టీవీ గొంతు తగ్గించి రేడియో వినడం పాత అలవాటే. 1971 నుంచి 2011 దాకా వుడీ డర్హమ్ కరోలినా ఆటలు చెప్పినప్పుడు చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. ఆయన తర్వాత జోన్స్ ఏంజెల్ చెబుతున్నారు.

నాకు ఈ అవసరం ఎందుకొచ్చిందంటే, టీవీ చర్చల్లో కుర్రాళ్ళ గురించి మాట్లాడే తీరు భరించలేక. షాట్ తప్పు అనండి, ఒప్పుకుంటాను. ఆ షాట్ వేసినవాడికి బుద్ధి లేదు, స్వార్థపరుడు అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి ఇరవై, ఇరవై రెండేళ్ళు. మా ఆయన ఒప్పుకోరు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు కాబట్టి, మాట కూడా పడాల్సిందే అంటారు. డబ్బు కోసం ఆడితే ఆటను విమర్శించే హక్కు వస్తుంది గానీ మనిషి గుణం మీద తీర్పు చెప్పే హక్కు రాదని నేనంటాను. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఈ బటన్ ఒక్కసారి మాత్రం బాగా దెబ్బకొట్టింది. 2022 ఏప్రిల్ 2న న్యూ ఓర్లీన్స్‌లో ఫైనల్ ఫోర్, అంటే జాతీయ కాలేజీ టోర్నమెంట్ సెమీఫైనల్, డ్యూక్ మీద కరోలినా. ఆరోజు టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తోంది. ముందే సెకన్లు సరిచేసి పెట్టుకున్నాను, రెండో సగం దాకా మాటా బొమ్మా కలిసే ఉన్నాయి. చివరి నిమిషంలో టీవీ కాసేపు ఆగి, మళ్ళీ మొదలై, ఇంకా వెనకబడింది. తెర మీద కరోలినా 75, డ్యూక్ 74. డ్యూక్ సెంటర్ మార్క్ విలియమ్స్ ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే, ఎవరూ అడ్డుకోని షాట్) గీత దగ్గర బంతిని నేలకు కొడుతున్నాడు. మా ఆయన సోఫా అంచుకు వచ్చి కూర్చున్నారు. అప్పటికే రేడియోలో రెండు ఫ్రీ త్రోలూ పోయాయి, మా కేలబ్ లవ్ వేసిన మూడు పాయింట్ల షాట్ కూడా బుట్టలో పడింది, 78-74! నేను అరవలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పాపం, ఆ ఫ్రీ త్రోలు పోతాయని ఆయనకు ముందే తెలిసిపోయింది. చివరికి 81-77. డ్యూక్ కోచ్ షషెవ్‌స్కీకి అదే ఆఖరి ఆట. మర్నాడు విలియమ్స్ గురించి ఎవరో నోరు పారేసుకుంటే, ఆ పిల్లాణ్ణి వదిలెయ్యమన్నది మా ఆయనే.

ఏప్రిల్ 4న కన్సాస్‌తో ఫైనల్. సగం ఆటకి 15 పాయింట్ల ఆధిక్యం, చివరికి 72-69తో ఓటమి. లవ్ 24 షాట్లు వేస్తే 5 పడ్డాయి. రెండు రోజుల ముందు 28 పాయింట్లు చేసిన కుర్రాడే. ఆ తర్వాత నేను విన్న మాటలన్నీ ఆ 5, 24 చుట్టూనే. మా ఆర్మాండో బేకాట్ దెబ్బతిన్న చీలమండతో 15 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) తీసిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ రాత్రి ఆటంతా నేను రేడియోలో విన్నాను కాబట్టి, ఏ షాట్ ఎంత ఒత్తిడిలో వెళ్ళిందో నాకు గుర్తుంది.

అయితే మన జట్టు రేడియో మన జట్టు వైపే మొగ్గుతుంది. 2022-23లో కరోలినా దేశంలో నంబర్ 1 ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టి, ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కే (ఆ జాతీయ కాలేజీ టోర్నమెంట్‌కే) వెళ్ళలేకపోయింది. ఆ ఏడాది జట్టులో లోపమెక్కడుందో నాకు అర్థమైంది టీవీ విశ్లేషణ వల్లే. అందుకని ఇప్పుడు మొదటి సగం టీవీ మాట వింటాను, రెండో సగం రేడియో. కేలబ్ లవ్ ఆ తర్వాత అరిజోనా యూనివర్సిటీకి వెళ్ళి, 2024లో ఆ జట్టు ఆడే ప్యాక్-12 లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ వార్త చదివి నేనెంత సంతోషపడ్డానో!

ఈ రేడియో చెయ్యలేనిది ఇంకొకటుంది. 2024 మార్చిలో కరోలినా మిషిగన్ స్టేట్ మీద గెలిచాక కూడా, రీబౌండ్లు చాల్లేదని పందెం కాసినవాళ్ళ నుంచి తనకు వందకు పైగా తిట్ల మెసేజ్‌లు వచ్చాయని బేకాట్ చెప్పాడు. మా రాష్ట్రంలో ఆ నెలలోనే ఆన్‌లైన్ పందేలు చట్టబద్ధంగా మొదలయ్యాయి. ఆ తిట్లు నేరుగా కుర్రాడి ఫోన్‌కే వెళ్తున్నాయి, ఇక్కడ నేను టీవీ మ్యూట్ చేసి ఏం లాభం?

కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో కేబుల్ ఉండి, జట్టు స్టేషన్ ఇంట్లో స్పష్టంగా అందితే కొనండి. ఇంటర్నెట్ మీద చూసేవాళ్ళకు నేను గట్టిగా చెప్పలేను. టీవీ మరీ వెనకబడితే ఈ బటన్ పట్టి ఉంచే సెకన్లు చాలవు. డల్లాస్‌లో ఉండే మా మరిదికి మా స్టేషనే అందదు, అతన్ని మాత్రం వద్దన్నాను.