సిమ్లా దాటి థానేదార్: అమెరికా సత్యానంద్ ఊరికి వెళ్లొచ్చాం

సిమ్లా వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకటే. మాల్ రోడ్, జాఖూ కొండ మీద హనుమంతుడు, కుఫ్రీలో బురద, గుర్రాలు, ఆ తర్వాత మనాలి. ఇందులోంచి కుఫ్రీని తీసేసి, సిమ్లాకి 80 కిలోమీటర్ల అవతల ఉన్న థానేదార్‌కి రెండు రాత్రులు ఇవ్వమని నా సలహా. ఎటు చూసినా ఆపిల్ తోటలే. ఆ తోటలకు కారణమైన మనిషి అమెరికాలో పుట్టి, క్రైస్తవ సేవకుడిగా మన దేశానికి వచ్చి, చివరికి హిందువై ఇక్కడే కన్నుమూశాడు. పేరు శామ్యూల్ స్టోక్స్. ఊళ్లోవాళ్లకి సత్యానంద్ స్టోక్స్.

ముందు ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కి విమానంలో వెళ్లాం. అక్కడి నుంచి సిమ్లాకి కారు, లేదా కాల్కా వెళ్లి చిన్న రైలు. రైలు దారి 96 కిలోమీటర్లు, వందకు పైగా సొరంగాలు. సీట్లు ఇరుకు, ఐదు గంటల పైమాటే పడుతుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి వెళ్లేటప్పుడు కారు మాట్లాడుకుని, రైలు ముచ్చట తిరుగు ప్రయాణంలో తీర్చుకున్నాం. అదే మంచిదైంది. కొండ దిగేటప్పుడు ఎవరికీ తొందర ఉండదు.

సిమ్లా నుంచి దారిలో వచ్చే నార్కండ ఊరి దాకా రోడ్డు బాగుంది. నార్కండ తొమ్మిది వేల అడుగుల దగ్గర ఉంటుంది. మన తిరుమల మూడు వేల అడుగుల లోపే కదా, అందుకే మెట్లు ఎక్కితే కాస్త ఆయాసం వస్తుంది, కంగారు పడొద్దు. అక్కడి నుంచి థానేదార్‌కి ఇంకో 15 కిలోమీటర్ల పైచిలుకు, సన్నటి దిగుడు రోడ్డు. మా టాక్సీ అతను సిమ్లాలో ఒక రేటు చెప్పి, నార్కండ రాగానే 'ఇక్కడిదాకానే సార్ మనం మాట్లాడుకుంది' అన్నాడు. బేరం చేసేటప్పుడే థానేదార్, దాని పక్కనున్న కోట్‌గఢ్ అని ఊరి పేర్లతో సహా చెప్పించుకోండి. పైగా థానేదార్‌లో లోకల్ టాక్సీలు తక్కువ. కారు మీతోనే ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లకైతే సిమ్లా నుంచి ప్రభుత్వ బస్సులు చాలు.

బసకి రెండు దారులున్నాయి. నార్కండలో హోటళ్లు ఎక్కువ, హిమాచల్ టూరిజం వాళ్ల హోటల్ హాటు కూడా అక్కడే. బజారు, ఏటీఎం, మందుల షాపు దగ్గర్లో ఉంటాయి. కానీ హైవే లారీల హారన్లతో నిద్రలేవాలి. మేం థానేదార్‌లో ఒక తోట మధ్య హోమ్‌స్టేలో దిగాం. చెక్క గది, కింద సట్లెజ్ లోయ, ఎదురుగా మంచు కొండలు. లోటుపాట్లు కూడా ఉన్నాయి. కరెంటు పోతే గీజర్ ఉండదు, బకెట్లో వేడినీళ్లు తెచ్చిస్తారు. గదికి చేరాలంటే రాళ్ల మెట్లు దిగాలి. రాత్రి ఎనిమిదిన్నర దాటితే వంటగది మూసేస్తారు. ఇవి సర్దుకోగలిగితే థానేదారే ఎంచుకోండి, లేదంటే నార్కండ.

తిండి గురించి మనవాళ్లు ముందే అడుగుతారు. అన్నం, రాజ్మా, పెరుగు దొరికాయి. ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసి ఇచ్చే గోధుమపిండి రొట్టె సిడ్డు అమ్మకి కూడా నచ్చింది. పచ్చడి మాత్రం తీసుకెళ్లాల్సిందే.

ఇక అసలు విషయానికొస్తాను. స్టోక్స్ 1882లో ఫిలడెల్ఫియాలో ఒక సంపన్న క్వేకర్ (క్రైస్తవంలో ఒక శాఖ) కుటుంబంలో పుట్టాడు. ఇరవై రెండేళ్లయినా నిండకుండానే, 1904లో, సిమ్లా కొండల్లోని సబాథూలో కుష్ఠురోగుల సేవ చేయడానికి వచ్చాడు. మరుసటి ఏడు కాంగ్రా భూకంపం వస్తే సహాయానికి వెళ్లాడు. కొన్నాళ్లు సాధువు వేషంలో కాలినడకన తిరిగాడు. 1912లో ఇక్కడి క్రైస్తవ రాజపుత్ర కుటుంబానికి చెందిన ఆగ్నెస్‌ని పెళ్లి చేసుకుని, కోట్‌గఢ్ దగ్గర బారోబాగ్‌లో భూమి కొని రైతయ్యాడు. అంతకుముందు కులూ వైపు బ్రిటిష్‌వాళ్లు పెంచిన ఆపిల్స్ పుల్లగా ఉండేవి. ఈయన 1916లో అమెరికాలోని స్టార్క్ బ్రదర్స్ నర్సరీ నుంచి తియ్యటి రెడ్ డెలిషియస్ రకం ఆపిల్ మొక్కలు తెప్పించి నాటాడు, చుట్టుపక్కల రైతులకు పంచాడు. మన కొత్తపేట మార్కెట్‌లో 'సిమ్లా ఆపిల్' అని కొన్న పండ్ల వెనక ఈ కథ ఉంది.

మా హోమ్‌స్టే పెద్దాయన ఆపిల్ కన్నా బేగార్ గురించే ఎక్కువసేపు చెప్పాడు. తెల్లదొరలు కొండల్లోకి వస్తే ఊళ్లోవాళ్లు పనులు మానుకుని ఊరికే సామాన్లు మోయాలి. మన దగ్గర వెట్టిచాకిరీ అన్నది అదే. స్టోక్స్ దాని మీద రైతులను కూడగట్టాడు, అధికారులు దిగిరావాల్సి వచ్చింది. తర్వాత కాంగ్రెస్‌లో చేరి, 1921 చివర్లో రాజద్రోహం కేసులో లాహోర్ జైలుకెళ్లాడు. తెల్లవాడిగా ఇచ్చే ప్రత్యేక సదుపాయాలు వద్దన్నాడట. గాంధీ ఆ అరెస్టు గురించి తన పత్రిక యంగ్ ఇండియాలో రాశారు.

మతం మారింది 1932లో. అంటే ఈ దేశానికి వచ్చిన 28 ఏళ్లకు. నన్ను ఆపింది ఈ సంఖ్యే. అప్పటికి సంస్కృతం నేర్చుకున్నాడు, గీత, ఉపనిషత్తులు చదివాడు, పొలం చేశాడు, జైలు చూశాడు, తార అనే కొడుకుని పోగొట్టుకున్నాడు. మిగిలిన పిల్లలు అటూ ఇటూ కాకుండా ఈ కొండల సమాజంలోనే కలిసిపోవాలని కోరుకున్నాడు. ఆర్యసమాజ పద్ధతిలో కుటుంబంతో సహా హిందువై సత్యానంద్ అనే పేరు పెట్టుకున్నాడు, భార్య ప్రియాదేవి అయింది. ఒక గురువునో క్షేత్రాన్నో చూసి మనసు మారిన కథ కాదిది. ఊరే ఆయన్ని మెల్లగా మార్చుకుందనిపించింది.

ఆయన 1937లో కట్టించిన పరంజ్యోతి మందిరం థానేదార్‌లో కొండ మీద ఉంది. దారి చూపే బోర్డులు మాకు కనపడలేదు, అడుగుతూ వెళ్లాం. చివర్లో ఎక్కుడు, అమ్మని నెమ్మదిగా నడిపించాల్సి వచ్చింది. 'ఒరేయ్, ఇంత దూరం తీసుకొచ్చింది అమెరికావాడి గుడి చూపించడానికా?' అని దారంతా సణిగింది. గాలిగోపురం, ధ్వజస్తంభం ఆశించి వెళ్తే నిరాశే. రాయి, చెక్కతో కట్టిన కొండల పద్ధతి కట్టడం. చెక్క మీద ఉపనిషత్తుల వాక్యాలు, గీతా శ్లోకాలు చెక్కించాడు. అమ్మకి నాగరి లిపి రాదు, నేను చదివి వినిపిస్తుంటే తనకు కంఠతా వచ్చిన శ్లోకం ఒకటి తగిలింది. మిగతా సగం నేను చదవకముందే తనే పూర్తి చేసింది. సణుగుడు అక్కడితో ఆగింది.

బారోబాగ్‌లోని ఆయన ఇల్లు హార్మనీ హాల్ మ్యూజియం కాదు, కుటుంబానిదే. బయటి నుంచి చూసి, మర్యాదగా వచ్చేయడం మంచిది. టూరిస్టులం కదా అని తోటల్లోకి దూరి ఫొటోలు తీసుకునేవాళ్లని చూశాం, చిరాకేసింది. కోట్‌గఢ్‌లో బ్రిటిష్ కాలం నాటి సెయింట్ మేరీస్ చర్చి ఉంది, అదీ చూడండి. మందిరం ఒక్కటే చూసి వచ్చేస్తే ఆయన ఏ మతంతో మొదలయ్యాడో చూడనట్టే.

తానీ జుబ్బర్ చెరువు చిన్నది, పిల్లలుంటే సాయంత్రం వెళ్లొచ్చు. హాటు శిఖరం మాత్రం వదలొద్దు. నార్కండ నుంచి పైకి రోడ్డుంది, 11 వేల అడుగుల ఎత్తులో హాటు మాత గుడి, చెక్క మీద నగిషీ పని చాలా బాగుంది. రోడ్డు మరీ సన్నం, ఎదురుగా బండి వస్తే వెనక్కి తీయాలి. కొండ డ్రైవింగ్ అలవాటు లేనివాళ్లు సొంతంగా నడపొద్దు. చలికాలంలో మంచు పడితే ఆ దారి మూసేస్తారు.

ఎప్పుడు వెళ్లాలంటే, పూత చూడాలనుకుంటే ఏప్రిల్, పండ్లు చూడాలనుకుంటే ఆగస్టు, సెప్టెంబరు. ఆగస్టులో వానలకు కొండచరియలు విరిగి రోడ్లు ఆగిపోతుంటాయి. సెప్టెంబరులో ఆపిల్ పెట్టెలు మోసే లారీల ట్రాఫిక్, హోమ్‌స్టే వాళ్లకి కోత పని ఉంటుంది, మనల్ని పట్టించుకునే తీరిక తక్కువ. పెద్దవాళ్లతో వెళ్తుంటే నా ఓటు ఏప్రిల్ చివరి వారానికే.