ఆండ్రాయిడ్ వదలడమా, ఐఫోన్ వదలడమా: ఏది కష్టం?

ఫోన్ మార్చాలని ఆర్నెల్లుగా అనుకుంటూ మార్చనివాళ్లు మన చుట్టూ బోలెడుమంది. ఎందుకాగారని అడిగితే ధర అంటారు, కెమెరా అంటారు, ఇంకాసేపు మాట్లాడిస్తే అసలు సంగతి బయటికొస్తుంది: "మరి నా వాట్సాప్ ఏమవుతుంది?"

ఇది ఉత్త భయం కాదు, నేను పడ్డాను. ఏళ్ల తరబడి ఆండ్రాయిడ్ వాడి ఐఫోన్ కొన్నాను. షాపులో కుర్రాడు "అన్నీ వచ్చేస్తాయి సార్" అంటూ కాంటాక్టులూ ఫొటోలూ ఎక్కించి, పాత ఫోన్ ఎక్స్ఛేంజ్ కింద తీసేసుకున్నాడు. ఇంటికొచ్చి వాట్సాప్ తెరిస్తే గ్రూపుల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. మా పెద్దమ్మ ఆవకాయ కొలతలు చెబుతూ పంపిన ఆరు వాయిస్ మెసేజ్‌లు, వెనకాల కుక్కర్ విజిల్‌తో సహా, మాయం.

ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది, ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లోకి, ఇందులోది అందులో దిగదు. దారి లేకపోలేదు. 2022 నుంచి ఆపిల్ వాళ్ల 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో చాట్లు తరలించుకోవచ్చు, కాకపోతే ఐఫోన్ కొత్తగా ఆన్ చేసేటప్పుడే చేసుకోవాలి, లేదంటే మొత్తం రీసెట్ కొట్టాలి, పైగా పాత ఫోన్ పక్కనే ఉండాలి. నాదేమో షాపులో ఉండిపోయింది. చివరికి మా ఆవిడ పాత ఆండ్రాయిడ్‌ని సొరుగులోంచి తీసి, నా నంబరుతో వాట్సాప్ వేసి, బ్యాకప్ అందులోకి దింపి, ఐఫోన్ రీసెట్ చేసి, రెండిటినీ ఒకే వైఫైలో చార్జింగ్‌కి పెట్టి కూర్చుంటే ఆదివారమంతా పట్టింది. రాత్రికి పెద్దమ్మ గొంతు వినబడ్డాకే అన్నం తిన్నాను.

అయినా సరే, ఆండ్రాయిడ్ నుంచి బయటపడటమే తేలికంటాను. ఆ కష్టం ఒక్క రోజుది. జీమెయిల్, గూగుల్ ఫొటోస్, మ్యాప్స్, డ్రైవ్, అన్నీ ఐఫోన్‌లోనూ ఉన్నాయి, లాగిన్ అయితే చాలు. ప్లే స్టోర్‌లో డబ్బు పెట్టి కొన్న యాప్‌లు మాత్రం అవతల మళ్లీ కొనుక్కోవాల్సిందే.

ఐఫోన్ వైపు లెక్క వేరు. అక్కడ ఎన్నాళ్లుంటే ముడి అంత బిగుస్తుంది. ఐఫోన్ వాళ్లు తమలో తాము మెసేజ్‌లు పంపుకునే ఐమెసేజ్‌కి ఆండ్రాయిడ్ యాప్ లేదు. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో పనిచేయదు, అంటే ఫోన్ మారిస్తే చేతికున్న వాచీ కూడా మార్చాలి. (శామ్‌సంగ్ కూడా ఇదే పని చేసింది, 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి ఐఫోన్‌తో కలవవు.) ఫొటోల విషయంలో కాస్త నయం, ఐక్లౌడ్‌లో ఉన్నవాటిని గూగుల్ ఫొటోస్‌కి పంపే సదుపాయం 2021 నుంచి ఆపిల్ ప్రైవసీ పేజీలోనే ఉంది, అది ఉన్నట్టు చాలామందికి తెలియకపోవడమే నా బాధ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఈ ముడి ఇంకా గట్టిది. అక్కడ పిల్లల ఫ్రెండ్స్ గ్రూపుల్లో అందరివీ ఐఫోన్లే అయితే పంపే మెసేజ్ నీలం, ఒక్క ఆండ్రాయిడ్ ఉన్నా ఆకుపచ్చ, ఆ రంగు కోసమే ఐఫోన్ కావాలని పిల్లలు పోరు పెడతారు. ఇదేమీ యాదృచ్ఛికం కాదు. గేమ్‌ల కంపెనీ ఎపిక్, ఆపిల్ మధ్య నడిచిన కోర్టు కేసులో 2021లో బయటపడ్డ మెయిళ్లలో, ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగి 2013లోనే రాసుకున్నారు: ఐమెసేజ్‌ని ఆండ్రాయిడ్‌కి ఇస్తే, ఐఫోన్ ఉన్న కుటుంబాలు పిల్లలకి ఆండ్రాయిడ్ కొనివ్వడానికి ఉన్న అడ్డు తొలగిపోతుందని. ఆ అడ్డు కావాలనే ఉంచారు. 2024లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో ఆర్‌సీఎస్ (మామూలు ఎస్ఎంఎస్‌కి బదులు వచ్చిన కొత్త పద్ధతి) వచ్చాక ఫొటోలూ వీడియోలూ మునుపటికంటే బాగా వెళ్తున్నాయి, రంగు మాత్రం ఆకుపచ్చే. అక్కడ ఐఫోన్ వదిలేవాళ్లు సిమ్ తీసేముందు సెట్టింగ్స్‌లో ఐమెసేజ్ ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే ఐఫోన్ వాళ్లు పంపే మెసేజ్‌లు మీ కొత్త ఫోన్‌కి రాకపోవచ్చు.

ఇక్కడ మనకి వాట్సాప్ రెండిట్లోనూ ఉంది కాబట్టి ఆ రంగుల గొడవ లేదు. యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఎటు మారినా ఒకటే: మీ సిమ్ నుంచి మళ్లీ ఎస్ఎంఎస్ వెళ్లాలి, మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఆ పూట జేబులో కాస్త నగదు ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

కాబట్టి ఏది మేలు అంటే, ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లకి నేను ఆండ్రాయిడే చెప్తాను, రేపు మనసు మారితే ఒక ఆదివారంతో పోతుంది. ఇంట్లో అందరికీ ఐఫోన్లే, అదీ అమెరికాలో అయితే ఐఫోనే తీసుకోండి, ఒంటరిగా ఈదడం ఎందుకు. ఎటు వెళ్లినా ఎక్స్ఛేంజ్ డబ్బుకి ఆశపడి పాత ఫోన్ మొదటిరోజే ఇచ్చేయకండి, కనీసం వారం రోజులు ఇంట్లో ఉంచుకోండి, అన్ని యాప్‌లూ ఒక్కొక్కటిగా తెరిచి చూసుకున్నాకే ఇవ్వండి.

నేనైతే ఐఫోన్‌లోనే ఉన్నాను. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో పెడుతున్నాను, పెద్దమ్మ మెసేజ్‌లు వాట్సాప్‌లోంచి తీసి కంప్యూటర్‌లో దాచాను, ఆపిల్ వాచ్ మాత్రం ఎంత ముద్దొచ్చినా కొనలేదు.