బ్రౌజర్ అప్‌డేట్ పేరుతో డబ్బు గుంజుతున్నారు, కట్టకండి

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏదైనా సరే, అప్‌డేట్‌కు పైసా ఖర్చుండదు. ఎవరైనా డబ్బు అడిగారంటే అది మోసమే. మా మేనమామ దగ్గర ఈమధ్యే 2,499 రూపాయలు లాగేశారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయన రోజూ పంచాంగం చూసుకునే సైటులోనే ఒక పెట్టె వచ్చింది. "మీ క్రోమ్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అని. క్రోమ్ గుర్తు, నీలం బటన్, పక్కన తగ్గిపోతున్న సెకన్లు. నొక్కితే ఒక ఫైలు దిగింది. అది తెరిచాక స్క్రీన్ నిండా వైరస్ హెచ్చరికలు, ఒక ఫోన్ నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతలివాడు చక్కటి తెలుగులో "సార్, సార్" అంటూ ఏడాది సెక్యూరిటీ ప్లాన్ అంటగట్టి, యూపీఐలో కట్టించుకున్నాడు. రసీదు కూడా పంపాడండోయ్, జీఎస్టీతో సహా! కొన్నాళ్లకు వాళ్లే ఫోన్ చేసి, డబ్బు వాపసిస్తాం, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నారు. అది రెండో విడత దోపిడీ. ఈసారి మామయ్య ఫోన్ పెట్టేశాడు.

"తెలిసిన సైటే కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మంచి సైట్లలోకే దొంగచాటుగా కోడ్ చొప్పిస్తారు. సాక్‌గోలిష్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఏళ్ల తరబడి వ్యాపించింది ఇలాగే. ఆ దొంగ పెట్టె అందరికీ కనిపించదు కూడా, కొందరికే వస్తుంది. అందుకే మీ ఫోన్‌లో అదే సైటు తెరిస్తే ఏమీ కనపడకపోవచ్చు.

అసలు అప్‌డేట్ వెబ్ పేజీలోంచి రాదు. బ్రౌజర్ తనంతట తనే వెనకాల దించుకుంటుంది, మనం ఒకసారి మూసి తెరిస్తే చాలు. అనుమానం ఉంటే క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరవండి. కొత్తది ఉంటే అక్కడే దిగుతుంది. ఫోన్‌లో అయితే ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్, అంతే. ఏదైనా సైటు ఏపీకే ఫైలు (స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేరుగా యాప్ వేసే ఫైలు) ఇస్తే ముట్టుకోవద్దు.

ఆ పెట్టెను మౌస్‌తో పట్టుకుని పైకి లాగి చూడండి. కదలకపోయినా, అడ్రస్ బార్ దాటి పైకి రాకపోయినా అది పేజీలో గీసిన బొమ్మే. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అంటే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు. అడోబీ దాన్ని 2020 డిసెంబరు 31తోనే ఆపేసింది.

ఇంకో రకం మరీ ప్రమాదం. "సమస్య సరిచేయడానికి విండోస్, ఆర్ కీలు నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్" అంటుంది. ఆ పేజీ ముందే ఒక కమాండ్‌ను మీకు తెలియకుండా కాపీ చేసి ఉంచుతుంది. మీ చేత్తోనే మీ కంప్యూటర్‌లో దాన్ని నడిపిస్తారన్నమాట. ఏ బ్రౌజరూ ఇలా అడగదు.

పేజీ మూసుకోకుండా మొండికేస్తే టెన్షన్ పడకండి. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి. లేదంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు "రీస్టోర్" మాత్రం నొక్కొద్దు. ఫైలు దిగి, తెరవకుండా ఉంటే డౌన్‌లోడ్స్‌లోంచి తీసేస్తే సరిపోతుంది. సైటు మూసేశాక కూడా మూలన హెచ్చరికలు వస్తుంటే, ఎప్పుడో "అలౌ" నొక్కి ఉంటారు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి ఆ సైటును తీసేయండి.

ఫైలు తెరిచేసి ఉంటే కథ వేరు. ముందు నెట్ ఆపేయండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లే వాళ్లకు కావాల్సింది కాబట్టి, వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. ఆ తర్వాతే యాంటీవైరస్ స్కాన్. మరీ అనుమానంగా ఉంటే విండోస్ మళ్లీ వేయించడమే నయం.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లేలోపే ఆపే అవకాశం ఉంటుంది. యూపీఐ లావాదేవీ నంబరు, కట్టిన సమయం, వాళ్ల ఫోన్ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. పరువు పోతుందని మామయ్య ఫిర్యాదు చేయడానికి రెండు రోజులు ఆగాడు, ఈలోపు ఆ ఖాతా ఖాళీ అయిపోయింది.